కంట్రోల్ ప్యానెల్ తెరవగానే మూసుకుపోతోందా?

ఇంట్లోని పాత విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కంప్యూటర్లలో ఇలా అయితే వెంటనే ఫార్మాట్ చేయించకండి, సీ డ్రైవ్‌లోని ఫొటోలూ పోతాయి. ప్యానెల్‌లోని చాలా ఐకాన్ల వెనక ఒక్కో సీపీఎల్ ఫైలు (పేరు చివర .cpl అని ఉండేది) ఉంటుంది. ఒక్కటి పాడైనా మొత్తం ప్యానెల్ పడిపోవచ్చు. ముందు కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్8 నొక్కి, అత్యవసరమైన డ్రైవర్లతోనే నడిచే సేఫ్ మోడ్‌లో చూడండి. అక్కడ బాగానే తెరుచుకుంటే, తప్పు చాలావరకు సౌండు, గ్రాఫిక్స్ డ్రైవర్లతో వచ్చిన ఫైళ్లదే.

మామూలుగా బూట్ చేసి, విండోస్ లోపలి సిస్టమ్32 ఫోల్డర్‌ను టైప్ ప్రకారం సర్దండి, సీపీఎల్‌లన్నీ ఒకచోటికి వస్తాయి. ఒక్కొక్కటే డబుల్ క్లిక్ చేస్తూ పోతే దొంగ దొరుకుతుంది, తెరవగానే మూసుకుపోయేదే అది. దాన్ని డిలీట్ చేయొద్దు, వేరే ఫోల్డర్‌లోకి జరపండి చాలు. ఆ ఫైలును తెచ్చిన సాఫ్ట్‌వేర్‌నే తీసేయాలంటే స్టార్ట్ మెనూలోని రన్‌లో ‘యాప్‌విజ్ డాట్ సీపీఎల్’ (appwiz.cpl) కొట్టండి, ప్యానెల్‌తో పనిలేకుండా ప్రోగ్రాముల జాబితా నేరుగా వస్తుంది.