సీడీ చివరి పాటల దగ్గరే ఆగిపోతుంటే

మాది బరంపురం, వానాకాలం వస్తే చాలు సీడీల మీద తెల్లగా బూజు మరకలు, కచేరీ సీడీ పెడితే మొదట్లో వచ్చే వర్ణం నుంచి అంతా బానే పోతుంది, తీరా చివర్లో వచ్చే తిల్లానా దగ్గరికొచ్చేసరికి టక్ టక్‌మని ఆగిపోద్ది. ప్లేయర్ సీడీని లోపల్నుంచి అంచుకి చదువుతుంది, మనం వేళ్ళు పెట్టేదేమో అంచు మీద, అందుకే చివరి పాటలు ముందు పోతాయి.

అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలు. మెరిసే వైపు వేలితో మెల్లగా రుద్ది, కుళాయి కింద కడిగేసి, కళ్ళజోడు తుడిచే గుడ్డతో మధ్య కన్నం నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా మాత్రం తిప్పొద్దు, లోపల ట్రాక్ కూడా గుండ్రంగానే ఉంటుంది, దానెంబడే గీత పడితే ప్లేయర్ దాటలేదు. పది నిమిషాలు ఫ్యాన్ కింద ఆరనిచ్చి పెట్టండి. మొన్న ఓ పాత సినిమా బీజీఎం సీడీలో పోయిందనుకున్న వీణ బిట్ మొత్తం వచ్చేసింది, ప్రాణం లేచొచ్చింది నాకు.

కడిగే ముందు సెల్ టార్చి మీద పెట్టి చూడండి, సూదిమొనంత చుక్కల్లా వెలుతురు అవతలికొస్తే బొమ్మ వైపు పొర ఊడిపోయినట్టే, అది ఎంత కడిగినా రాదు. సెకండ్‌హ్యాండ్‌లో అలాంటిది కొనొద్దు.