పుస్తకం ఎక్కడా దొరకదు, జిరాక్స్ ఇవ్వరు: ఏం చేయాలి?

యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్ దగ్గర తరచూ వినిపించే మాట: "సార్, కోఠిలో లేదు, అబిడ్స్ ఆదివారం బజారులో లేదు, పబ్లిషర్ ఫోనే ఎత్తడు. మొత్తం జిరాక్స్ తీసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?"

సమస్య: అచ్చులో లేకపోయినా కాపీ ఇవ్వమంటున్నారు.

కారణం: అచ్చు ఆగిపోవడం వేరు, హక్కు తీరిపోవడం వేరు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది.

పరిష్కారం: లెక్క వేసుకోండి. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయినవి 2014 నుంచి ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా ఆగాల్సిందే. చాలామంది బోల్తా పడేది ఇంకోచోట: మూలానికి గడువు తీరినా, తర్వాత చేర్చిన పీఠిక, నోట్సు, అనువాదం వేరేవాళ్లవి. వాటి లెక్క విడిగా చూడాలి.

సమస్య: హక్కులున్నాయి, లైబ్రరీలో ఉన్నదొక్కటే ప్రతి, పేజీ తిప్పితే అంచులు పొడిగా రాలుతున్నాయి.

1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(ఓ) ఇందుకే ఉంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు కాపీల దాకా తీయించుకోవచ్చు. మూడూ లైబ్రరీకే, మీ ఇంటికి కాదు. 'పబ్లిక్ లైబ్రరీ' అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. అందుకే బయటివాళ్లను రానివ్వని యూనివర్సిటీల్లో లైబ్రేరియన్ సంతకానికి జంకుతారు, అందులో తప్పేమీ లేదు. ఆయన టెన్షన్ మీరే కొంత తగ్గించండి: పబ్లిషర్‌కి మెయిల్ పెట్టండి, నాలుగు షాపుల్లో అడగండి, ఏ తేదీన ఎవరేమన్నారో కాగితం మీద రాసి అర్జీకి జత చేయండి. "దొరకట్లేదు సార్" అంటే కదలని ఫైలు ఆ కాగితంతో కదులుతుంది.

సమస్య: థీసిస్‌కి నాలుగో అధ్యాయం చాలు, అదీ ఇవ్వరు.

సొంత చదువుకు, పరిశోధనకు సముచితమైన మేరకు కాపీ చేసుకోవడాన్ని 52(1)(ఎ) ఒప్పుకుంటుంది. "పది శాతం దాకా ఓకే" అనేది గోడకు అంటించిన రూలే, చట్టంలో శాతాలు లేవు. పేజీ నంబర్లు రాసిచ్చి అడగండి. జిరాక్స్‌ని ఒప్పుకున్న 2016 ఢిల్లీ హైకోర్టు తీర్పు చూపించి మొత్తం పుస్తకం అడిగేవాళ్లున్నారు. ఆ కేసు క్లాసు పాఠాల కోసం వేర్వేరు పుస్తకాల్లోని భాగాలు కలిపి తయారుచేసిన కోర్సు ప్యాకులది, ఒక్కరు సొంతానికి తీసుకునే మొత్తం పుస్తకానిది కాదు.

సమస్య: స్కాన్ ఉంది, పీడీఎఫ్ పంపరు.

ఆ స్కాన్‌కి అనుమతి భద్రపరచడానికే, 52(1)(ఎన్) కింద. అక్కడే కూర్చుని నోట్సు రాసుకోండి. చూపు లేని విద్యార్థి సంగతి వేరు: 2012 సవరణ ప్రకారం చదవగలిగే రూపంలో కాపీ చేసి ఇవ్వొచ్చు, అడగడానికి మొహమాటపడొద్దు.