వానలు మొదలయ్యేలోపు: రోజూ తిరిగే పాత హ్యాచ్‌బ్యాక్‌కు జాగ్రత్తలు

పదేళ్లు దాటిన కారు ఎండలున్నన్నాళ్లూ ఏ పేచీ లేకుండా తిరుగుతుంది. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం తాళం తిప్పితే 'టిక్' మని ఊరుకుంటుంది. లేదా స్టార్టయ్యాక మిస్సింగ్ కొడుతుంది, అంటే ఇంజిన్ కుదుపులతో నడుస్తుంది. అదీ లేదంటే కాళ్ల కింద మ్యాట్ చెమ్మగా తగులుతుంది. వాన వల్ల పాడైందని మనం అనుకుంటాం. కానీ బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే ఆ ఎర్త్ వైరు తుప్పు, ఆ ప్లగ్ వైరు పగులు, అద్దం కింద ఇరుక్కున్న ఆ ఆకుల చెత్త నెలల తరబడి అక్కడే ఉన్నాయి. తడి తగిలేదాకా బయటపడలేదు, అంతే.

అందుకే కనీసం నెల ముందు పని మొదలుపెట్టండి. పాత మోడల్‌కు ఒక్కోసారి చిన్న రబ్బరు ముక్క కూడా వెంటనే దొరకదు. తొలి వాన పడ్డాక మెకానిక్ దగ్గర ఎలాగూ క్యూ ఉంటుంది. అన్నిటికీ ఒకేసారి డబ్బు పెట్టలేకపోతే ముందు కారును ఆపేవీ, దారి చూపించేవీ చేయించండి: టైర్లు, బ్రేకులు, వైపర్లు, లైట్లు. తర్వాత నడిరోడ్డు మీద నిలబెట్టేసేవి: బ్యాటరీ, ఎర్త్, ప్లగ్గులు. ఆ తర్వాత లోపలికొచ్చే నీరు. పెయింటు, సీటు కవర్లు ఈ ఏడాదికి మరిచిపోయినా నష్టం లేదు.

టైర్లు, బ్రేకులు

చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసపు గాడి లోతు 1.6 మి.మీ. తడి రోడ్డుకు మాత్రం ఆ లెక్క చాలదు. 3 మి.మీ. కిందికి వచ్చేసరికే టైరు నీటిని పక్కకు నెట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. తక్కువ తిరిగే పాత కార్లలో ఇంకో తిరకాసు ఉంది. గాడి బాగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి విప్పించి లోపలి వైపు పగుళ్లు కూడా చూపించుకోవాలి. పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చేయాల్సిందే. స్టెప్నీకీ ఇదే లెక్క. డిక్కీలో పడుంది కదా, కొత్తదే అనుకోవద్దు.

రెండు టైర్లు మాత్రమే మార్చగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి. ముందు చక్రాలే కారును లాగుతాయి కాబట్టి ముందుకే వేద్దామని చాలామంది మెకానిక్‌లు అంటారు. కానీ నీటి పొర మీద ముందు టైర్లు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ దారికి వస్తుంది. వెనకవి జారితే కారు తోక తిప్పేస్తుంది. దాన్ని సర్దుకోవడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ఈ విషయంలో మెకానిక్‌తో వాదించినా తప్పు లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. అది మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. రంగు చూసి బాగుందని తేల్చకండి, రెండేళ్లయితే మార్పించండి. వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులున్న కారైతే ఆ పనిలోనే డ్రమ్ములు విప్పించి, లోపల బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ దగ్గర చెమ్మ కనిపిస్తుందేమో చూడమనండి. వానలో రాత్రంతా హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే పొద్దునకు లైనింగ్ డ్రమ్ముకు అతుక్కుపోతుంది. చదునైన చోట కారును గేరులో వదిలి, చక్రానికి రాయి అడ్డం పెడితే సరిపోతుంది.

చూపు

వైపర్ బ్లేడ్లు వానకు ముందే మార్చండి, ఎండకు మాడిన రబ్బరు అద్దాన్ని తుడవదు, గీస్తుంది. కొత్త బ్లేడ్లు వేసినా మసక పోకపోతే అద్దం మీద జిడ్డు పొర ఉన్నట్టు, దాన్ని బాగా కడగండి. నీళ్లు చల్లుతూ అన్ని స్పీడుల్లోనూ వైపర్లను కొన్ని నిమిషాలు నడిపి చూడండి, పాత మోటార్ వేడెక్కాక మందగిస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. పసుపెక్కిన హెడ్‌లైట్ కవర్లను పాలిష్ చేయించి, పైన యూవీ కోటింగ్ వేయించండి. ఉత్త పాలిష్ మాత్రమే చేస్తే కొద్ది నెలల్లో మళ్లీ మసకబారతాయి.

వెనక డోరు పైకి లేచే హ్యాచ్‌బ్యాక్‌లాంటి కార్లకు ఉండే చిక్కు ఒకటుంది. వెనక డోరుకు వెళ్లే వైర్లన్నీ పైన కీలు దగ్గర ఒక ముడతల రబ్బరు గొట్టంలోంచి పోతాయి. వేల సార్లు తెరిచి మూస్తే ఆ వైర్లు లోపల విరుగుతాయి. వెనక వైపర్ ఒకసారి పని చేసి ఇంకోసారి మానేయడం, నంబర్ ప్లేట్ లైటు మినుకుమనడం, వెనక అద్దం మంచు వదలకపోవడం అన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. మోటార్ మార్పించే ముందు ఆ గొట్టం జరిపి వైర్లు చూడమనండి. వెనక అద్దానికి నీళ్లు పోసే సన్నని పైపు కూడా ఆ దారిలోనే వెళ్తుంది. అది ఊడితే మీరు వాషర్ నొక్కిన ప్రతిసారీ నీళ్లు డిక్కీలోకి పోతాయి.

పవర్ విండోలు అన్నీ కిందికీ పైకీ నాలుగైదు సార్లు ఆడించండి. బద్ధకంగా లేచే అద్దం ఉంటే పక్క రబ్బరు గాడుల్లో సిలికాన్ స్ప్రే కొట్టండి. జోరు వానలో సగం దిగి ఇరుక్కున్న అద్దం పెట్టే టెన్షన్ ఇంకేదీ పెట్టదు.

కరెంటు

వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ అసలు సత్తా అప్పుడే తేలుతుంది. ఒక చవక మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కు వస్తే సగానికి దిగినట్టు. ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. ఇప్పుడు పైవన్నీ ఆన్ చేయండి. 13 కిందికి జారిపోతే ఆల్టర్నేటర్‌నూ దాని బెల్టునూ చూపించండి. తడిసినప్పుడు బెల్టు కీచుమంటే అది వదులైనా అయి ఉండాలి, నున్నగా అరిగైనా ఉండాలి.

బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ఎర్త్ మీద అనుమానపడండి. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో తుప్పు ఉంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి వైరును విప్పి, బోల్టు కింద లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు రాస్తే చాలు. ఖర్చు దాదాపు లేని పని. ఇది చేయకుండా రెండు బ్యాటరీలు మార్చినవాళ్లు నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి.

తడి రోజున మాత్రమే మిస్సింగ్ కొట్టే పాత పెట్రోల్ కారుకు ఒక పరీక్ష ఉంది. చీకట్లో ఇంజిన్ నడుపుతూ ప్లగ్ వైర్ల మీద స్ప్రే సీసాతో మంచులా సన్నగా నీళ్లు కొట్టండి. నీలి మెరుపులు కనిపించిన చోట వైరు పగిలిందన్నమాట. చేతులూ బట్టలూ మాత్రం దూరంగా ఉండాలి, ఆ కరెంటు వేల వోల్టులు. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే ఇంజిన్లలో కాయిల్ తీసి ఆ గుంటలో ఆయిల్ ఉందేమో చూడండి, ఇంజిన్ పై మూత కింద ఉండే సీలు, అంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కారితే అక్కడే చేరుతుంది. మిస్సింగ్‌తో పాటు ఇంజిన్ లైటు మినుకుమంటుంటే అలాగే నడపకండి. కాలని పెట్రోల్ పోయి, పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

మ్యాట్ కింద నీళ్లు

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. డ్రైవర్ పక్క సీటు కింద తడి చూసి మూడుసార్లు కార్పెట్ ఎండబెట్టాను. నాలుగోసారి గానీ నీరు ఎక్కడిదో వెతకలేదు. కారు లోపలికి మూడు రకాల నీళ్లు వస్తాయి. వాన పడ్డ రోజే తడిస్తే బయటి నీరు. వాన లేకపోయినా ఏసీ వేసిన రోజున తడిస్తే ఏసీ నీరు బయటికి పోయే పైపు మూసుకుపోయింది. తడి జిగురుగా, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే అది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, డాష్‌బోర్డు వెనకుండే హీటర్ కోర్ కారుతోంది. మొదటి రెండిటి రిపేరు కొన్నాళ్లు వాయిదా వేసినా మూడోదాన్ని వేయకూడదు. కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ దాకా పోతుంది.

బయటి నీటికి మొదటి అనుమానం ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి ప్లాస్టిక్ జాలీ మీద. దాని కింద ఒక తొట్టి, దాని మూలల్లో నీరు దిగే రంధ్రాలు ఉంటాయి. చెట్టు కింద నిలిపే కారులో అవి ఆకులతో మూసుకుపోతాయి. తొట్టి నిండి నీరు బ్లోయర్ గాలి పీల్చే దారిలోంచి లోపలికి దిగుతుంది. కొన్ని కార్లలో కంప్యూటర్ బాక్స్ ఆ కిందే ఉంటుంది. జాలీ విప్పి చెత్త తీసి, మగ్గుతో నీళ్లు పోసి చక్రాల దగ్గర ధారగా పడుతోందో లేదో చూడండి. డోర్ల అడుగున కూడా ఇలాంటి రంధ్రాలుంటాయి, పుల్లతో గెలకండి. నీరు కారుతోందని ఎవరో వాటిని సిలికాన్‌తో మూసేసిన కారు ఒకటి చూశాను. ఆరు నెలల్లో డోర్లు అడుగు నుంచి పుచ్చిపోయాయి.

డిక్కీలో స్టెప్నీ తీసి గుంటలో చెయ్యి పెట్టండి. నీళ్లుంటే వెనక లైట్ల గాస్కెట్లు, డోరు చుట్టూ ఉండే రబ్బరు, పైకప్పు మీద యాంటెనా అడుగు వరుసగా చూడాలి. ఒకరు టార్చితో లోపల కూర్చుని, ఇంకొకరు బయట పైపుతో కింది నుంచి పైకి మెల్లగా తడుపుతూ రావాలి. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు.

తడి కార్పెట్ ఉన్నంత కాలం అద్దాలకు ఆవిరి వదలదు. అప్పుడు ఏసీ వేసి, గాలిని లోపలే తిప్పే బటన్ ఆపేసి, బయటి గాలి రానివ్వండి. చలిగా ఉన్నా సరే, ఏసీ తేమను లాగేస్తుంది.

కారు అడుగున, చక్రాల లోపలి వంపుల్లో పేరుకున్న మట్టిని కడిగేసి, జాకీ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి. మెత్తగా దిగబడితే వెల్డింగ్ పని ఉంది. తుప్పు మీదే నల్ల కోటింగ్ కొట్టించుకోవద్దు. బయటికి అందంగా ఉంటుంది, లోపల తేమ చిక్కుకుని ఇంకా వేగంగా తింటుంది.

నీళ్లు నిలిచిన రోడ్డు

బానెట్ తెరిచి గాలి పీల్చే గొట్టం నోరు ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చేత్తో తాకి చూసుకోండి. చాలా చిన్న కార్లలో అది హెడ్‌లైట్ వెనకే ఉంటుంది. ఆ నోట్లోకి నీరు పోతే సిలిండర్‌లో పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పారుతున్న నీరైతే 30 సెం.మీ. లోతే చిన్న కారును తేల్చగలదు, ఆ దారి వద్దు. నిలిచిన నీరు డోరు అడుగు అంచుకు తక్కువగా ఉందని తెలిస్తేనే మొదటి గేరులో, ఆగకుండా, అల రేపకుండా మెల్లగా వెళ్లండి.

మధ్యలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. తోయించి బయటికి తెచ్చి, ప్లగ్గులు తీసి ఇంజిన్ తిప్పి చూసేదాకా ఆగాలి. ఆ ఒక్క సెల్ఫే చాలాసార్లు ఇంజిన్‌ను తీసేస్తుంది.

సాఫీగా దాటినా కొద్ది దూరం బ్రేకులు తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టండి. ఇంటికొచ్చాక డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే స్టార్ట్ చేయకుండా మార్పించాలి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త మీగడలా ఉంటే కంగారు వద్దు, అది చిన్న చిన్న దూరాలే తిరిగే కార్లలో మామూలు. తర్వాతి రోజుల్లో చక్రం నుంచి హూమనే మోత మొదలైతే బేరింగ్‌లోకి నీరు పోయినట్టు.

ఆ వారం రోజూ సాయంత్రం మ్యాట్లు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. నా కారులో అన్నీ సరిచేశాక కూడా వెనక సీటు కింద ఒక మూల ఇప్పటికీ తడుస్తూనే ఉంది. అక్కడొక పాత టవల్ మడిచి పెట్టాను, రెండు రోజులకోసారి పిండి ఆరేస్తున్నాను.