నూరువరహాల మొక్క లేతాకులు పసుపెక్కితే

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి. నూరువరహాలకు ఆకులు ఎదురెదురుగా, దాదాపు తొడిమ లేకుండా ఉంటాయి. సన్నటి పొడవాటి గొట్టం చివర నాలుగే రేకులు. తుంచితే పాలు రావు. ఐదు రేకులుండి పాలు కారితే అది నూరువరహాలు కాదు.

దీనికి కాస్త పులుపు నేల, అంటే ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైనా, సిమెంటు గోడ పక్కన నాటినా మట్టిలోని ఇనుమును వేర్లు తీసుకోలేవు. అప్పుడు లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ముదురాకులు ముందు పసుపెక్కితే మాత్రం అది నత్రజని లోపం, మందు వేరు.

ఇనుము లోపానికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, వెంటనే, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేయాలి. గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త. దీనికి బూడిద, గుడ్డు పెంకుల పొడి అసలు వేయొద్దు, సున్నం ఇంకా పెరుగుతుంది. వీలైతే వాన నీళ్లు పట్టి పోయండి.

పూలు కొత్త చిగుళ్ల కొసనే వస్తాయి కాబట్టి గుత్తి వాడగానే దాని కింద రెండు జతల ఆకులతో సహా కత్తిరించండి. మొగ్గలప్పుడు కత్తెర పెట్టొద్దు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ లేకపోతే ఆకులే తప్ప పూలుండవు.