దుంప మొక్కలు మొండికేస్తే ఏం చూడాలి, ఏం చెయ్యాలి

దుంప మొక్క కాస్త వాడినట్టు కనిపిస్తే చాలు, ముందు చెంబుడు నీళ్లు, ఆ వెంటనే గుప్పెడు ఎరువు వేసేస్తాం. పెరట్లో లిల్లీ, అమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ ఎక్కువగా పాడయ్యేది ఈ అతి ప్రేమ వల్లే. కాబట్టి చెంబు పక్కన పెట్టి రెండు విషయాలు చూడండి: మొక్కలో కనిపిస్తున్న తేడా ఏమిటి, ఇప్పుడు నడుస్తున్నది ఏ నెల.

ఆకులు గుబురుగా ఉన్నాయి, పువ్వు లేదు

అందరికీ ఉండే బాధ ఇదే. కారణం మాత్రం మొక్కను బట్టి మారుతుంది.

దండల్లో కట్టే లిల్లీ, అదే నేలసంపెంగ, అయితే దుంపల వయసు చూడాలి. ఒకసారి పూల కాడ వేసిన దుంప మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్ల దుంపలు ఎదిగి పూయాలి. రెండు మూడేళ్లు కదపకుండా వదిలేస్తే అవన్నీ ఇరుక్కుపోయి సన్నబడతాయి, గడ్డిలా ఆకులు వేసి ఊరుకుంటాయి. చలి తగ్గాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపు మొత్తం తవ్వి విడదీయండి. 2 సెంటీమీటర్లకు తగ్గని దుంపలు ఏరి, జానెడు ఎడంగా, రెండంగుళాల లోతున నాటితే సుమారు మూడు నెలలకు కాడ పైకొస్తుంది. చిన్నవాటిని పారెయ్యక్కర్లేదు, వేరే కుండీలో పెంచితే వచ్చే ఏడాదికి అందుకుంటాయి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలని బాల్కనీలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి.

రకం దగ్గర నా ఓటు ఒకే వరస రేకులుండే సింగిల్‌కే. డబుల్ చూడ్డానికి నిండుగా ఉన్నా వాసన తక్కువ. కాడ చివరి మొగ్గలు విచ్చుకోకుండానే ఎండిపోతుంటాయి కూడా. అది జబ్బనుకుని మందు కొట్టేవాళ్లున్నారు!

అమరిల్లిస్ పూయకపోతే దుంప మెడ దగ్గర మట్టి తీసి చూడండి. పూర్తిగా పూడ్చేసి ఉంటే అదే తప్పు. దుంపలో మూడో వంతు మట్టి పైన కనిపిస్తూ ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు బాగా తగ్గించి, ఫిబ్రవరి నుంచి మళ్లీ మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు కాడ కనిపిస్తుంది. యూరియా జోలికి వెళ్లకండి, అది ఆకునే పెంచుతుంది. పూత అయ్యాక ఎముకల పొడి, మాగిన పశువుల ఎరువు చాలు.

రెయిన్ లిల్లీది ఇంకో రకం. రోజూ తడి ఉంటే దానికి పూయాలనే ధ్యాసే ఉండదు. వానల్లేని రోజుల్లో పది పదిహేను రోజులు ఎండగట్టి, ఒకేసారి కుండీ నిండా నీళ్లు పొయ్యండి. వారంలోపు మొగ్గలు తొంగిచూసే అవకాశం ఎక్కువ.

ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి

పండిన ఆకును మొదట్లో పట్టుకుని మెల్లగా లాగండి. పొడిగా ఊడొచ్చి, లోపల దుంప గట్టిగా తగిలితే అది నిద్రకు వెళ్తోంది. ఫుట్‌బాల్ లిల్లీ చలికాలంలో ఇలాగే మాయమై, మళ్లీ మేలో తొలకరి జల్లులకు ఎర్ర బంతిలాంటి పువ్వుతో లేస్తుంది. ఈలోపు నీళ్లు ఆపి, కుండీని వాన పడని మూలకు జరపండి. ఖాళీ కుండీ అనుకుని ఎవరూ మట్టి పారబొయ్యకుండా పేరు రాసి గుచ్చడం మరవకండి.

ఆకు జిగురుగా, కంపు కొడుతూ ఊడొస్తే మాత్రం కుళ్లు మొదలైంది. జులై, ఆగస్టు ముసుర్లలో, అందులోనూ నల్లరేగడి మట్టిలో ఇది మామూలే. దుంప తవ్వి, మెత్తబడిన భాగమంతా తెల్లటి కండ కనిపించేదాకా కత్తితో కోసెయ్యండి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి ఇరవై నిమిషాలు ముంచి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి అప్పుడు నాటండి. చేతికి గ్లౌజులు ఉండాలి. వేళ్లు పుట్టే అడుగు పలకే మెత్తబడితే ఇక ఆ దుంపను వదులుకోవడమే. కొత్త మట్టిలో సగం ఎర్రమట్టి, పావు ముతక ఇసుక, పావు మాగిన ఎరువు ఉండేలా చూడండి. కుండీ కింది ప్లేటు వానాకాలమంతా తీసెయ్యండి.

రాత్రికి రాత్రి ఆకుల్ని అంచుల దాకా ఏవో కొరికేశాయి

అమరిల్లిస్, క్రైనమ్ లిల్లీల మీద నల్లటి ఒంటికి తెలుపు, నారింజ మచ్చలున్న గొంగళిపురుగులు కనిపిస్తాయి. ఆకు మడతల్లో నల్లటి రెట్ట ఉంటే అవి మెడలోకి దిగాయన్నమాట. సాయంత్రం టార్చ్ వేసి ఏరి సబ్బు నీళ్లలో పడెయ్యండి. మిగిలిన వాటికి లీటరుకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. దుంప బాగుంటే కొత్త ఆకులు వాటంతటవే వస్తాయి.

చామంతి నవంబరు దాటినా మొగ్గ తొడగలేదు

ఇది దుంప కాదు గానీ, ఏళ్ల తరబడి పిలకలతో నడిచే మొక్క. ఆకులు పచ్చగా ఉండి మొగ్గే లేకపోతే రాత్రిపూట కుండీ దగ్గర నిలబడి చూడండి. వీధి దీపమో గేటు లైటో దాని మీద పడుతోందా? రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే చామంతి మొగ్గ వేస్తుంది. పూత ఆలస్యం చెయ్యాలనుకునే రైతులు పాలీహౌస్‌లో రాత్రుళ్లు బల్బులు వెలిగించేది అందుకే. కుండీని చీకటి వైపు మార్చండి. కుదరకపోతే సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా అట్టపెట్టె బోర్లించండి, మొగ్గలో రంగు కనిపించేదాకా. చివరలు తుంచడం ఆగస్టుతో ఆపెయ్యాలి.

కొన్న దుంప అసలు మొలవలేదు

డేలియా అయితే కాడ మొదలు ముక్క అంటుకుని ఉందా చూడండి. మొలకెత్తే కన్ను ఉండేది అక్కడే. అది లేకుండా విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. ట్యులిప్ అయితే శ్రీనగర్ తోట ఫోటోలు చూసి ఆశపడకండి. దానికి సుమారు 12 నుంచి 16 వారాల చలి కావాలి, హైదరాబాద్ చలి దానికి ఏ మూలకూ చాలదు. ముందే చలి పెట్టిన దుంపలు కొంటే ఒక్కసారి పూస్తాయేమో, మరుసటి ఏడు ఉండవు. ఏ దుంపైనా కొనేటప్పుడు బొటనవేలితో అడుగు పలక నొక్కండి. గట్టిగా, బరువుగా, బూజు లేకుండా ఉన్నదే తీసుకోండి.