తెగిన లైన్ కొసను చూస్తే తెలుస్తుంది: బాస్ గాలంలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

టెక్సస్ సరస్సుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్దనోటి చేప కోసం గాలం వేసేవాళ్లు చేప తప్పిపోగానే ముందు లూర్ (ఎరలా కనబడే బొమ్మ) మారుస్తారు. చాలాసార్లు తప్పు లూర్‌ది కాదు. దానికి పైనున్న మూరెడు లైన్‌లోనో, ముడిలోనో, రీల్ నింపిన తీరులోనో ఉంటుంది.

లైన్ తెగింది, లూర్ పోయింది

వెంటనే ఇంకో లూర్ కట్టకండి. చేతికొచ్చిన కొసను వెలుతురుకు పట్టి చూడండి.

కొస స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే లైన్ తెగలేదు, ముడి జారిపోయింది. చుట్లు తక్కువైనా, మిగులు కొసను ముడికి ఆనించి కత్తిరించినా ఇలాగే అవుతుంది. మోనోకి (ఒంటి పోగు నైలాన్ లైన్) చక్కగా సరిపోయే క్లించ్ ముడి నున్నటి బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన లైన్) మీద నిలవదు. బ్రెయిడ్‌కి పాలొమార్ అనే ముడి కట్టండి. లైన్‌ను జానెడు మేర మడిచి, ఆ మడతను గాలం కంటిలోంచి దూర్చి, రెండు పోగులూ కలిపి వదులుగా ఒక మామూలు ముడి వేయండి. తర్వాత గాలం మొత్తాన్ని ఆ మడతలోంచి దాటించి, ఉమ్మితో తడిపి, రెండు కొసలూ కలిపి లాగండి. మిగులు 3 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి. ఇదే ముడి ఫ్లోరోకార్బన్‌తో (నీళ్లలో మునిగే ఒంటి పోగు లైన్, పొట్టిగా ఫ్లోరో) వేస్తే పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూసుకోవాలి. ఎక్కితే బిగించేటప్పుడే ఒకటి రెండోదాన్ని నొక్కి దెబ్బతీస్తుంది.

మెలికల్లేకుండా సరిగ్గా ముడి దగ్గరే తెగిందా? తడపకుండా బిగించి ఉంటారు. రాపిడి వేడికి ఫ్లోరో అక్కడ బలం కోల్పోతుంది. తడిపి, మెల్లగా బిగించి, చేత్తో గట్టిగా లాగి చూడండి. తెగేదేదో ఒడ్డునే తెగనివ్వండి.

కొస నుంచి అడుగు మేర గరుగ్గా, తెల్లగా ఉంటే అది ఒరిపిడి. బాస్‌కు కోసే పళ్లుండవు గానీ దవడ ఉప్పు కాగితంలా ఉంటుంది. మునిగిన చెట్ల మోళ్లు మిగతా పని చేస్తాయి. చేప పడిన ప్రతిసారీ లైన్‌ను వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే రెండడుగులు కోసేసి మళ్లీ కట్టండి. బద్ధకించేది ఇక్కడే, పెద్ద చేప పోయేదీ ఇక్కడే.

బ్లేడుతో కోసినట్టు తెగితే రాతి అంచో, జీబ్రా మస్సెల్ (చిన్న ఆల్చిప్ప) గుల్లో కారణం. 2009లో టెక్సోమా సరస్సులో కనబడిన ఈ గుల్లలు తర్వాత టెక్సస్‌లో ఇంకా చాలా సరస్సులకు పాకాయి. ఏ అడ్డూ లేని నీళ్లలోనూ పదేపదే తెగుతుంటే లైన్ దూరిపోయే రాడ్ రింగులను అనుమానించండి. ఒక్కో రింగులోంచి దూది తిప్పండి. పోగులు చిక్కుకున్న చోట పగులుంది. ఆ రింగు మార్చాల్సిందే.

స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ గుత్తులుగా వస్తోంది

స్పూల్‌ను (రీల్‌లో లైన్ చుట్టే చక్రం) అంచు దాకా నింపితే లైన్ చుట్టలు చుట్టలుగా జారుతుంది. అంచుకు 3 మిల్లీమీటర్లు తక్కువగా ఆపండి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (లైన్‌ను పట్టి స్పూల్‌కు చుట్టే కమ్మి) మూయడం రెండో కారణం. చేత్తో మూసి, లైన్‌ను ఒకసారి బిగువుగా లాగాకే చుట్టండి. మూడోది, చేప లాగుతూ డ్రాగ్ (గట్టిగా లాగితే లైన్ వదిలే బ్రేకు) జారుతున్నప్పుడు కూడా హ్యాండిల్ తిప్పడం. ప్రతి తిప్పుకీ లైన్‌లో పురి ఎక్కుతుంది.

ఎక్కిన పురిని విప్పాలంటే లూర్ తీసేసి, పడవ మెల్లగా పోతుండగా వంద మీటర్ల లైన్ వెనక వదిలి, కాసేపటికి చుట్టుకోండి. బ్రెయిడ్ మొత్తం ముద్దగా స్పూల్ మీద గిర్రున తిరిగిపోతుంటే అడుగున మోనో వేయలేదన్నమాట. ముందు కొన్ని చుట్లు మోనో చుట్టి, దానికి బ్రెయిడ్ కట్టండి.

బెయిట్‌కాస్టర్‌లో చిక్కు పడుతోంది

ఈ రకం రీల్‌లో విసిరేటప్పుడు స్పూలే తిరుగుతుంది. లూర్ కంటే అది వేగంగా తిరిగితే చిక్కే. లూర్‌ను రాడ్ కొస నుంచి వేలాడదీసి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కండి. అది మెల్లగా దిగి, నేలను తాకగానే స్పూల్ ఆగాలి. ఆగకపోతే పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి. బ్రేకులు ఎక్కువలో మొదలుపెట్టి, చేయి కుదిరేకొద్దీ తగ్గించండి. కొత్తవాళ్లు 10 గ్రాములకు తక్కువ లూర్‌తోనూ, ఎదురుగాలిలోనూ నేర్చుకోవాలనుకుంటే విసుగే మిగులుతుంది.

చిక్కు పడిందా, పైకి కనబడే ఉచ్చులు లాగకండి. బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా అదిమి, హ్యాండిల్ రెండు మూడు తిప్పులు తిప్పి, బటన్ నొక్కి లైన్ లాగండి. సగం చిక్కులు దీంతోనే విడిపోతాయి.

ప్లాస్టిక్ పురుగును కొరుకుతోంది, గాలం పడటం లేదు

టకటకా వరసగా కొట్టి తోక మాత్రమే తెంపుకుపోయేవి సాధారణంగా బ్లూగిల్ అనే చిన్న చేప పిల్లలు. వాటికోసం గాలం మార్చి లాభం లేదు, చోటు మార్చండి. బాస్ ఒక్కసారి దెబ్బ కొడుతుంది, లేదా లైన్ చడీచప్పుడు లేకుండా పక్కకు నడుస్తుంది.

అది బాసే అయినా తప్పిపోతుంటే గాలం మొన చూడండి. 7 అంగుళాల పురుగుకు 4/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర మెలిక ఉన్న) గాలం, 5 గ్రాముల బరువు సరిపోతాయి. మొనను పురుగు వీపులోంచి బయటికి తీసి, పైపొరలో మాత్రమే దాచండి. లోతుగా పాతితే మీ లాగుడు బలమంతా ప్లాస్టిక్ చీల్చడానికే అయిపోతుంది. పురుగు వంకరగా ఎక్కితే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌కు పురి కూడా పెడుతుంది. ముందు వదులు లైన్ చుట్టుకుని, ఆ తర్వాతే రాడ్ ఎత్తి కొట్టండి.

నాచు మీద కప్ప లూర్: చప్పుడు వస్తుంది, చేప రాదు

నీళ్లు చిందగానే లాగేస్తున్నారు. ఒక్క క్షణం ఆగి, లైన్‌లో బరువు తెలిశాక కొట్టండి. 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కట్టాలి, లీడర్ (బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే ఫ్లోరో ముక్క) వద్దు. ఫ్లోరో మునిగి కప్ప ముక్కును కిందికి లాగుతుంది. కప్పలో నీళ్లు చేరితే పిండేయండి. మన చెరువుల్లో కొర్రమీనుకు కప్ప లూర్ వేసేవాళ్లకు ఈ తొందర బాగా పరిచయమే.

క్రాంక్‌బెయిట్ పక్కకు పోతోంది, లేదా పట్టిన చేప వదిలించుకుంటోంది

క్రాంక్‌బెయిట్ అంటే చుట్టుతుంటే ఊగుతూ మునిగే చేప ఆకారపు గట్టి లూర్. దాని ముక్కును మీ వైపు పెట్టుకుని, అది ఎడమకు పోతుంటే లైన్ కట్టే కన్నును ప్లయర్‌తో కుడికి వెంట్రుకవాసి వంచండి. విసిరి చూసి మళ్లీ వంచండి. చేప ఊడిపోవడానికి బిరుసు రాడ్, సాగని బ్రెయిడ్ కారణం. మెత్తగా వంగే రాడ్, 10 నుంచి 12 పౌండ్ల ఫ్లోరో వాడండి. చేప ఎగరబోతే రాడ్ కొసను నీళ్ల వైపు దించండి.

చేప గాలం మింగేసింది

కొట్టడం ఆలస్యమైంది. టెక్సస్‌లో లార్జ్‌మౌత్‌కు సాధారణ కనీస కొలత 14 అంగుళాలు, అంతకంటే చిన్నవి వదిలేయాలి. అక్కడి లేక్ ఫోర్క్ సరస్సులోనైతే 16 నుంచి 24 అంగుళాల మధ్యవి నీళ్లలోకి వెళ్లాల్సిందే. అందుకని గాలాన్ని పీకి గొంతు చీల్చకండి. కనబడినంత దగ్గరగా లైన్ కోసేసి వదిలేయండి. తర్వాతి విసురుకు గాలం ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే తీయడం తేలిక. కాకపోతే లైన్‌ను ఎప్పుడూ బిగువుగా ఉంచాలి.