తుప్పు పట్టిన కారు బోల్టుని ఎయిర్ గన్‌తో విప్పడం ఎలా?

విశాఖలోనో కాకినాడలోనో పదేళ్లు తిరిగిన కారు కింద ఒకసారి దూరి చూడండి. సైలెన్సర్ జాయింట్లు, సస్పెన్షన్ బోల్టులు అన్నీ ఉప్పుగాలికి గోధుమ రంగు పొక్కులు కట్టి, ఏది నట్టో ఏది వాషరో తెలియకుండా ఉంటాయి. నేను మొదటిసారి ఎయిర్ గన్ (గాలి బలంతో నట్లు విప్పే ఇంపాక్ట్ గన్) పట్టింది అలాంటి కారు సైలెన్సర్ మీదే. ట్రిగ్గర్ నొక్కాను, రెండు సెకన్లు టకటకలాడింది, చప్పుడు మారింది, హమ్మయ్య వచ్చేసిందనుకున్నా. వచ్చింది నిజమే, సగం స్టడ్డుతో (తల లేని మర కడ్డీ) సహా సాకెట్‌లోకి (గన్ మొనకి తగిలించి నట్టు మీద తొడిగే గిన్నె) వచ్చింది. మిగతా సగానికి డ్రిల్ వేసి కొత్త మర కొట్టించేసరికి చీకటి పడింది. తప్పు గన్‌ది కాదు, నేను ఆగకపోవడమే. కాబట్టి కింద రాసిన వాటిలో సగం గన్ పట్టుకోకముందు చేయాల్సిన పనులే.

ముందు గన్ ఏం చేస్తుందో తెలుసుకోండి. లోపల గాలికి తిరిగే రోటర్, దాని ముందు సుత్తి లాంటి ముక్క ఉంటాయి. నట్టు మొరాయిస్తే ఆ సుత్తి నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు వేస్తుంది. పానాకి పొడుగు పైపు తొడిగి లాగితే బోల్టు తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి తెగుతుంది. గన్ దెబ్బలకైతే మరల మధ్య పేరుకున్న తుప్పు పగులుతుంది, అందుకే అదే బోల్టు గన్‌కి లొంగుతుంది. అలాగని అన్ని బోల్టులకీ గన్ పెట్టకూడదు. స్పార్క్ ప్లగ్గులు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, బ్రేక్ బ్లీడర్ నిపుల్ (బ్రేకుల్లో గాలి తీసే చిన్న మర), 10 నంబర్ పానా పట్టే చిన్న బోల్టులు, అల్యూమినియంలోకి దిగే సన్నవి, వీటన్నిటికీ చెయ్యే మేలు.

ఏ గన్ కొనాలి?

కారు పనికి అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్న గన్ తీసుకోండి. ఒక అంగుళానిది లారీలకి. ఇరుకు చోట్లకి ఎయిర్ రాచెట్ బాగుంటుంది కానీ అది పట్టేసిన నట్టుని కదిలించదు, కదిలిన నట్టుని గబగబా బయటికి తిప్పడానికే పనికొస్తుంది. చాలామంది అది కొని మోసపోయామనుకుంటారు. మూడోది ఎయిర్ హ్యామర్, దాని సంగతి తర్వాత. ఇంట్లో ఒక్క కారే ఉండి, ఏడాదికోసారి చక్రాలు విప్పేవాళ్లయితే ఇదంతా కొనక్కర్లేదు, ప్లస్ ఆకారం వీల్ పానా చాలు.

గన్ పెట్టె మీద ఎంత పెద్ద అంకె రాసినా, దానికి గాలి సరిగ్గా అందితేనే ఆ బలం. చాలా గన్నులు 90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర పనిచేసేలా తయారవుతాయి. అయితే పీఎస్ఐ ఒక్కటే చూస్తే సరిపోదు, నిమిషానికి ఎంత గాలి వస్తుందన్నది ముఖ్యం, అదే సీఎఫ్ఎమ్. సిగరెట్ లైటర్‌కి తగిలించే టైరు పంపుతో గన్ ఆడుతుందా అని అడుగుతుంటారు, ఆడదు. 50 లీటర్ల ట్యాంకు, 2 హెచ్‌పీ మోటరు ఉన్న కంప్రెసర్ అయితే ఆగి ఆగి కొట్టుకోవచ్చు, నాలుగు నట్లు విప్పాక ట్యాంకు నిండేదాకా ఓ టీ తాగి రావాలి, అంతే తేడా.

అసలు దొంగ ఎక్కువసార్లు పైపే. షాపులో చవగ్గా దొరికే నీలం రంగు స్ప్రింగు పైపు ఉంటుంది చూడండి, అది లోపల మరీ సన్నం, గాలి ఊదడానికి సరే గానీ గన్‌కి చాలదు. లోపలి వెడల్పు 10 మిల్లీమీటర్లు ఉన్న రబ్బరు పైపు వాడండి, పొడవు అవసరమైనంతే. వీలైతే గన్ దగ్గర చిన్న గేజ్ పెట్టి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూడండి. నొక్కకముందు 90 చూపించి, నొక్కగానే 60కి పడిపోతోందంటే గన్‌ని తిట్టి లాభం లేదు.

సాకెట్ల దగ్గర పిసినారితనం వద్దు. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పానాలవి, గన్ దెబ్బలకి పగిలి ముక్కలు కంటికి ఎగరొచ్చు. నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే, అదీ ఆరు మూలలవి తీసుకోండి. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన తలని ఇట్టే గుండ్రంగా చేసేస్తాయి.

ముందురోజు సాయంత్రం

రేపు విప్పబోయే బోల్టుని ఈరోజే వైర్ బ్రష్‌తో గీకండి, ముఖ్యంగా నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన మరల్ని. నట్టు వెనక్కి రావాల్సింది ఆ తుప్పు మీదుగానే. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, సుత్తితో బోల్టు తల మీద నాలుగైదు దెబ్బలు వేయండి, నూనె లోపలికి దిగుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి కొట్టండి. ఏమీ లేకపోతే డీజిల్ రాసేవాళ్లున్నారు, అసలు రాయకపోవడం కన్నా నయం. బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద మాత్రం చుక్క పడనివ్వద్దు.

పని రోజు

కారుని జాక్ మీద వదిలేసి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టి తోసి చూసి అప్పుడు దూరండి. గన్ దెబ్బల అదురు కారుకీ తగులుతుంది. కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు తప్పనిసరి. గన్ గాలి రంధ్రంలో నాలుగైదు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేసి పైపు తగిలించండి. సాకెట్ మార్చేటప్పుడు పైపు తీసేయండి.

సాకెట్‌ని బోల్టు తల మీద పూర్తిగా, నిటారుగా కూర్చోబెట్టండి. వదులుగా ఉంటే అక్కడే ఆగిపోండి. గన్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే పొడుగు ఎక్స్‌టెన్షన్లు వీలైనంత తగ్గించండి, అవి దెబ్బని మింగేస్తాయి. ఇప్పుడు వినడానికి వింతగా ఉన్నా, తక్కువ బలం సెట్టింగులో ఒక్క క్షణం బిగించే వైపు కొట్టండి, తుప్పు పగలడానికి. తర్వాత విప్పే వైపు మార్చి మూడు, నాలుగు సెకన్లు కొట్టి ఆపండి. మళ్లీ కొట్టండి. అయిదారుసార్లకీ కదలకపోతే మొండికేయకుండా స్ప్రే కొట్టి అరగంట వదిలేయండి. కొన్ని పాత లారీల ఎడమ చక్రాలకి ఎడమ మర (మామూలుకి వ్యతిరేకంగా తిరిగేది) ఉంటుంది, అలాంటివి విప్పుతున్నాననుకుని బిగించేస్తుంటారు, ముందే చూసుకోండి.

కదిలింది కదా అని ట్రిగ్గర్ పట్టుకుని ఉండిపోవద్దు. రెండు చుట్లు వచ్చాక కీచుమంటూ బిగుసుకుంటోందంటే తుప్పు పొడి మరల్లో ఇరుక్కుంటోంది. ఒక చుట్టు వెనక్కి తిప్పి, స్ప్రే కొట్టి, మళ్లీ బయటికి. ఇలా ముందుకీ వెనక్కీ ఆడించాలి. నా స్టడ్డు తెగింది ఈ పని చేయకే.

ఇంకో చిక్కుంది. లోయర్ ఆర్మ్ (సస్పెన్షన్‌లో చక్రాన్ని పట్టే కింది చెయ్యి) బోల్టు గన్ కొడుతుంటే కొంచెం తిరిగి, వదలగానే స్ప్రింగులా వెనక్కి వస్తుంటుంది. అది మర పట్టడం కాదు. బోల్టు ఒళ్లు రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది, తిరుగుతున్నది రబ్బరు. ఎంతసేపు కొట్టినా రబ్బరు మెలికపడడమే. ఇక్కడే ఎయిర్ హ్యామర్ కావాలి. మొండి మొన ఉన్న బిట్ తగిలించి బోల్టు తల మీద కొంతసేపు అదరగొట్టి, మళ్లీ గన్ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే బోల్టు కోసేసి, కొత్త బోల్టు, కొత్త బుష్ వేయడమే చవక.

మంట పెట్టడం ఆఖరి మాట. నట్టు ఎర్రబడితే చాలావరకు వస్తుంది కానీ పక్కన పెట్రోలు గొట్టం, బ్రేక్ హోస్, రబ్బరు బుష్ ఉంటే వద్దు. స్ప్రే కొట్టిన తడి ఆరకుండా, బ్రేక్ క్లీనర్ చల్లిన చోట అసలే వద్దు, మంటా విషవాయువూ రెండూ ప్రమాదమే.

తిరిగి బిగించడం గన్ పని కాదు. మూడు మరలు చేత్తో ఎక్కించి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగుస్తోందో చూపే పానా) ముగించండి. టైర్ల షాపులో ఓసారి నా వీల్ నట్లు గన్‌తో దంచి బిగించారు, హైవే మీద పంక్చరైతే పానా మీద నిలబడి గెంతినా రాలేదు. చిన్న కార్లలో చాలావాటికి వీల్ నట్ టార్క్ 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి రెంచ్ పెట్టి చూసుకోండి. తుప్పు తినేసిన పాత బోల్టు మళ్లీ ఎక్కించకండి. తల మీద బలం గ్రేడు 8.8 ఉంటే 8.8, 10.9 ఉంటే 10.9, అదే గ్రేడు కొనండి.

పని అయ్యాక కంప్రెసర్‌ని ఆపి, ట్యాంకు అడుగున ఉన్న కాక్ నెమ్మదిగా తిప్పి నీళ్లు వదిలేయండి. మా ఊరి ఉక్కకి అరగంట నడిపినా నీళ్లు పడతాయి. అవి గోధుమ రంగులో వస్తున్నాయంటే తుప్పు ట్యాంకు లోపల కూడా మొదలైందన్నమాట.